గుగ్గిలం పూసిన ఓడ

మా ఎదుటి వాటాలో కొత్త తలుపు బిగించి వార్నిష్ పూస్తున్నారు. ఆ వాసన మెట్ల మీదికి పాకే వేళకి మా వంటింట్లో అమ్మ నెత్తళ్ళు వేయించడం మొదలుపెట్టింది. విజయనగరంలో మేముండే ఈ మూడంతస్తుల ఇంట్లో ఎండుచేపల వాసనకి ముక్కు మూసుకునే వాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్ళ కిటికీలు ధడాలున మూతపడటం నాకు కిందికి వినిపించింది కూడా. మామూలుగా అయితే అమ్మ మీద విసుక్కునేదాన్ని. ఆ రోజు ఆస్పత్రి డ్యూటీ దిగి వస్తున్న నేను, ఆ రెండు వాసనలూ కలిసిన మెట్టు మీద సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చెక్కకి పట్టించిన నూనె వాసన, దాని మీద ఎండుచేప వాసన. ఈ రెండూ కలిస్తే నాకు గుర్తొచ్చేది ఒక్కటే, వారానికో ముక్క చొప్పున మా ఇంటికి వచ్చిన ఓడ.

మాది సముద్రం ఒడ్డు పేట. నౌపడ స్టేషన్లో దిగి, ఉప్పు మడుల మధ్య గట్టు మీద నడిచి, జీడితోటలూ మొగలి పొదలూ దాటి ఇసుకలో కాళ్ళు కూరుకుంటూ వెళితే, ఒడ్డుకి లాగిన పడవల వెనక మా ఇళ్ళు కనిపించేవి. వేసవిలో జీడిపళ్ళు రాలి పులిసిన వాసన, వానాకాలంలో తడి వలల వాసన, చలికాలంలో తాటి గేగులు కాల్చిన వాసన, ఏడాది పొడుగునా ఇసుక మీద ఎండబెట్టిన చేపల వాసన. పొద్దున్నే చోడి అంబలి తాగి, ఎండుచేప ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుని ఒడ్డుకి పరిగెత్తితే, ఎండ నెత్తి మీదికొచ్చి ఇసుక అరికాళ్ళని కాల్చేదాకా ఇంటి ముఖం చూసేవాళ్ళం కాదు. ఎర్రపీతలని కన్నాల్లోంచి తవ్వి పందేలు పెట్టేవాళ్ళం, గవ్వలాడేవాళ్ళం, వల లాగే మగవాళ్ళ వెనక చేరి జారిపడిన చేపల కోసం కాకులతో కొట్లాడేవాళ్ళం. గౌరమ్మ పండుగకి మట్టి బొమ్మని ఊరేగించి, చివరికి సముద్రంలో కలిపి ఏడుపు ముఖాలతో వచ్చేవాళ్ళం. ఇదంతా చాలా అందంగా ఉన్నట్టు చెబుతున్నాను గానీ మాకప్పుడు ఇది అందమని తెలియదు, తెలిసినా దానివల్ల కడుపు నిండదు.

మా ఒడ్డుకి పెద్ద పడవలు ఆగే రేవు లేదు. చిన్న పడవల వేట చాలక, మా పేట మగవాళ్ళలో సగం మంది శ్రావణం రాగానే గుజరాత్ రేవులకి పోయి అక్కడి షావుకార్ల ఇంజను పడవల మీద పని చేసేవాళ్ళు. చవితి ఉండ్రాళ్ళు తినకుండా పోయి, మళ్ళీ జీడిపళ్ళు పండే వేళకి వచ్చేవాళ్ళు. మా నాన్న గురయ్య కూడా అంతే. మిగతా ఏడాదంతా మా పేట ఆడవాళ్ళదీ ముసలివాళ్ళదీ పిల్లలదీ. మా ఇంట్లో అయితే అమ్మా, మామ్మా, నేనూ. మామ్మ అంటే నాన్న వాళ్ళమ్మ. ఆమె భర్తనీ ఒక కొడుకునీ సముద్రానికి ఇచ్చుకున్న మనిషి. మిగిలిన ఒక్క కొడుకూ ఊరు దాటిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా ఆమె కడుపు నిండా తినేది కాదు.

ఒక వేసవిలో నాన్న వస్తూ వస్తూ నౌపడ స్టేషన్ పుస్తకాల కొట్టులో ఒక ఇంగ్లీషు వారపత్రిక కొనుక్కొచ్చాడు. నాన్నకి తెలుగే కూడబలుక్కుని చదవాలి. కానీ అట్ట మీద మూడు కొయ్యల తెరచాప ఓడ బొమ్మ ఉంది, పత్రికకి అంటించిన ప్లాస్టిక్ సంచిలో నిజం కర్రముక్కలున్నాయి. వారం వారం పత్రికతో పాటు కొన్ని ముక్కలొస్తాయి, చందా కట్టి అన్నీ జాగ్రత్తగా అతికించుకుంటూ పోతే ఏడాది చివరికి మూరెడు పొడుగు ఓడ తయారవుతుంది. కొట్టు ముసలాయన చెప్పిన ఈ సంగతి నమ్మి నాన్న ఏడాది చందా కట్టేసి వచ్చాడు. అమ్మ నెత్తి కొట్టుకుంది. నాన్న నవ్వి సంచీ నా ఒళ్ళో పడేశాడు.

"ఒలే గుంటా, సూడిది. ఇన్నాళ్ళూ ఎవులో కట్టిన పడవలెక్కినాను. ఇది మనం కట్టీసుకుందాం."

అతికించడం మొదలుపెట్టాక తెలిసింది అందులోని తిరకాసు. ఏ వారం పత్రికలో ఆ వారం పని మాత్రమే ఉండేది. ముందు ఏం రాబోతోందో తెలియదు, ముక్క విరిగితే ఇంకోటి దొరకదు. మొదటి వారం ఓడ అడుగు దూలం వచ్చింది, తర్వాత పక్కటెముకల్లాంటి సన్నటి చట్రాలు, ఆ తర్వాత వారాల తరబడి అగ్గిపుల్లలకన్నా కొంచెం వెడల్పు చెక్కబద్దలు. వాటిని నీళ్ళలో నానబెట్టి, వేళ్ళతో మెల్లగా వంచి, చట్రాల మీద జిగురుతో పరిచి, గుండుసూది తలంత ఇత్తడి మేకులు దిగ్గొట్టాలి. బళ్ళో నేర్చిన ఇంగ్లీషుతో నేను అక్షరాలు పట్టుకుని చదివేదాన్ని, అర్థం కానిచోట బొమ్మలు చూసేవాళ్ళం. వేట లేని ఆ నెలల్లో మధ్యాహ్నాలు చాప మీద ఎదురెదురుగా బోర్లా పడుకుని, చెమటలు కారుతుంటే ఒక్కో బద్దా అతికించేవాళ్ళం. నాన్న చేతులు తాళ్ళు లాగి మొద్దుబారినవి, ఆ చిన్న మేకులు వాటిలో నిలిచేవి కావు. అందుకని బద్ద పట్టుకోవడం ఆయన పని, మేకు కొట్టడం నా పని. బొమ్మలో ఓడ పక్కల్నించి తొంగిచూసే ఫిరంగుల వరుస చూసి నాన్న రోజూ ఎగతాళి చేసేవాడు, ఇన్ని ఫిరంగులు పెట్టుకున్నాడు గానీ ఈడు ఒక్క వలైనా ఎట్టుకోలేదేటే అని.

ఆ నవ్వులాటలోనే రెండు పనులు జరిగాయి. వాటి సంగతి అప్పుడు ఎవరం ఆలోచించలేదు.

మొదటిది, అడుగు దూలం అతికించిన రోజు నాన్న దాన్ని మామ్మ ముందు పెట్టి బొట్టు పెట్టమన్నాడు. సరదాకే అన్నాడు. మా పేటలో కొత్త పడవకి దూలం వెయ్యగానే పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గంగమ్మ పేరు చెప్పి, పడవకి ఇంటి మగవాడి పేరు చెబుతారు. అక్కడినుంచి అది కర్ర కాదు, మనిషి. దాన్ని దాటకూడదు, చెప్పులతో దగ్గరికి పోకూడదు, నెలసరిలో ఉన్న ఆడమనిషి దాని నీడలోకి కూడా పోకూడదు. మామ్మకి సరదాలు తెలియవు. ఆమె తల స్నానం చేసి వచ్చి, ఆ జానెడు కర్రకి పసుపు రాసి, కాయ కొట్టి, కళ్ళు మూసుకుని, నా కొడుకు గురయ్య పడవ తల్లీ, కాపాడుకో అంది. నాన్న నవ్వు ఆగిపోయింది. ఆయన కూడా దండం పెట్టాడు.

రెండోది గుగ్గిలం. ఓడ పక్కలు మూయడం పూర్తయ్యాక బద్దల సందుల్లోంచి వెలుతురు కనిపించేది. పత్రికలో దాని గురించి ఏమీ లేదు, అది గాజు బీరువాలో పెట్టుకోడానికే కదా. నాన్నకి మాత్రం అది నచ్చలేదు.

"నీళ్ళు కారీ పడవ పడవేటే?" అని, పాతపట్నం సంత నుంచి ఎవరో తెచ్చిన కొండ గుగ్గిలం పొడిచేసి, నూనెలో కాచి, దూది పేనిన దారాలు ఆ సందుల్లో కూరి, నిజం పడవకి పూసినట్టే పైనా లోపలా పూసేశాడు. ఇల్లంతా ఆ వాసనే. తెల్లటి చెక్క కాస్తా బెల్లం రంగుకి తిరిగింది. తర్వాత వారాల్లో రావాల్సిన ముక్కలు ఆ మందాన కొన్నిచోట్ల సరిగ్గా కూర్చోలేదు, నేను గాజుపెంకుతో గీకి గీకి సరిచేసుకోవాల్సొచ్చింది. నాన్న మాత్రం దాన్ని నీళ్ళ గంగాళంలో తేల్చి, చుక్క నీరు లోపలికి రాలేదని చూపించి, పేట పేటంతా పిలిచాడు. వెళ్ళే రోజు పొద్దున్న నాకు చెప్పిన జాగ్రత్త కూడా దాని గురించే.

"పొయ్యి దగ్గరెట్టకు. ఎండలో ఎట్టకు. కారిపోతాది."

నాన్న వెళ్ళాక ఓడ నాదయింది. అమ్మ ఎండుచేపల గంపతో వారానికోసారి కోటబొమ్మాళి సంతకి పోయేది. తిరిగొస్తూ నౌపడ కొట్టులో మా పేరున పక్కన పెట్టి ఉంచిన సంచీ తీసుకుని, ఖాళీ గంపలో గోనె కింద పెట్టి తెచ్చేది. అమ్మకి ఒక్క అక్షరం రాదు, కానీ ఏ వారం సంచీ బరువుందో ఏ వారం తేలికో తూకం వేసినట్టు చెప్పేది. ఏ సంచీ విప్పినా ముందు ఎండుచేపల వాసన గుప్పుమనేది. ఆ ఓడలోని ప్రతి ముక్కా ఆ వాసనతోనే మా ఇంట్లో అడుగుపెట్టింది. సంతరోజు సాయంత్రం అమ్మ గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుంటే నేను ఆ వారం ముక్కలన్నీ ఆమె ముందు పరిచి ఏది ఎక్కడ పడుతుందో చెప్పేదాన్ని. ఆమె ప్రతిదానికీ ఊ కొట్టేది. రోజంతా నెత్తిన బరువు మోసిన మనిషి, సగం మాటల్లోనే కునికేది.

వారానికోసారి నాన్న కిరాణా కొట్టు ఫోనుకి చేసేవాడు. అమ్మతో రెండు మాటలు, మామ్మతో ఒక మాట, మిగతా అంతా నాతోనే. ఎంతవరకొచ్చిందే అని అడిగేవాడు. నేను మేకుతో సహా చెప్పేదాన్ని. కొయ్యలు నిలబెట్టిన వారం ఆయన గొంతు మారిపోయింది.

"నానొచ్చీసరికి తెరసాపలెత్తీయాల రాజీ. నాను ఉప్పు మడుల గట్టు దిగి వస్తా ఉంటే, మన గుమ్మంలోంచి తెల్లగా అగుపడాల."

నేను సరేనన్నాను. అంత సుళువుగా సరే అనడానికి లేదని నాకు తెలుసు. ఎందుకంటే మామ్మ అప్పటికే గడువు పెట్టింది. రోజూ దీపం పెట్టేవేళ ఓడ దగ్గర నన్ను చూసి ఒకే మాట అనేది, నువ్వు పెద్దమడిసివయ్యీవరకే ఇది, ఆ తర్వాత సేతులెట్టకు అని. ఈడేరితే నన్ను తాటాకుల మీద కూర్చోబెట్టి నువ్వుల చిమ్మిలి తినిపిస్తారు, మేనమామలు చీర తెస్తారు, పేరంటాళ్ళు పాటలు పాడతారు. అదంతా నాకు భయం లేదు. కానీ లేచాక ఇక ఆ ఓడ ముట్టుకోడానికి లేదు. నా తోటి వాళ్ళు ఒక్కొక్కరే తాటాకు ఎక్కుతున్నారు. సముద్రం ఒడ్డున ఆడుతూనే ఉన్నా నా ప్రాణమంతా వచ్చే వారం సంచీ మీదే ఉండేది. తెరచాపలు ముందొస్తాయా, అది ముందొస్తుందా అని లోపల్లోపల కుతకుతలాడేదాన్ని. పన్నెండేళ్ళ పిల్లకి తన ఒంటి మీదే అంత కోపం రావడం మంచిది కాదు. నాకు వచ్చేది.

తెరచాపలు వచ్చిన వారమే అదీ వచ్చింది. తెల్లటి నూలుగుడ్డ ముక్కలు, వాటి అంచులు మడిచి కుట్టడానికి దారపు ఉండ. కుట్టు సగంలో ఉండగా, ఒక పొద్దున్న బట్టలు ఉతుకుతున్న అమ్మ నా లంగా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మామ్మ అవతల చేపలు తిరగేస్తోంది. అమ్మ ఆమె వైపోసారి చూసి, లంగాని నీళ్ళలోకి తోసేసి, నా దగ్గరికొచ్చి వంగింది.

"మామ్మకి సెప్పకు. అది బొమ్మే. నువ్వు కుట్టీసుకో. మీ నాన్నొచ్చినాకే తాటాకేద్దాం."

అమ్మ ఎందుకంత ధైర్యం చేసిందో నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. సంతలో పదిమంది మగవాళ్ళతో బేరమాడి గెలిచొచ్చే మనిషికి, మూరెడు కర్ర ఓడకి భయపడటం నవ్వులాటగా అనిపించి ఉంటుంది. లేక నాన్న ఫోనులో అడిగిన మాట ఆమెకూ వినిపించి ఉంటుంది. నేను కుట్టు పూర్తి చేశాను. తెరచాపలు కొయ్యలకి కట్టడం ఒక్కటే మిగిలింది.

మర్నాడు కిరాణా కొట్టాయన ఫోను వచ్చిందని పిలవలేదు. తనే మా గుమ్మంలోకి వచ్చాడు. ఆయన చెప్పులు విడిచి నిలబడటం చూసి మామ్మ చేతిలో చేట కింద పడేసింది.

"మంచులో మనోళ్ళ పడవ అగుపడలేదంట. పెద్ద ఓడేదో గుద్దీసిందంట. ఆగకుండా ఎలిపోయిందంట," అన్నాడాయన నేల చూస్తూ.

ఆ పడవ మీద మా పేటవాళ్ళు ఇంకా ఉన్నారు. కొందరి శవాలు దొరికాయి, పెట్టెల్లో రైలెక్కి వచ్చాయి. నాన్న దొరకలేదు. శవం వచ్చిన ఇళ్ళలో ఏడుపు ఒక్కసారి పెద్దగా లేచి తర్వాత మెల్లగా అణిగింది. మా ఇంట్లో అది లేవడానికీ అణగడానికీ కూడా దారి లేకపోయింది. అమ్మ ఓడని ఆ రోజే మామ్మ కళ్ళబడకుండా తీసి, తెరచాపలు దాని కింద మడిచిపెట్టి, పొయ్యి మీది అటక ఎక్కించేసింది. నాన్న చెప్పిన జాగ్రత్త ఆ పూట ఎవరికి గుర్తుంటుంది? ఆ పొయ్యి మీదే వచ్చినవాళ్ళందరికీ అన్నాలు ఉడికాయి.

నెల దాటాక పెద్దలు కర్మ చేసేద్దామన్నారు. సముద్రం తిరిగివ్వని మనిషికి మా పేటలో గడ్డితో బొమ్మ కట్టి, ఆ బొమ్మని నీళ్ళలో వదులుతారు. మామ్మ ఒప్పుకోలేదు. గడ్డిబొమ్మెందుకు, ఆడి సేత్తో కట్టిన పడవుంది, గంగమ్మకి సెప్పిన పడవ, దాన్నే పంపండి అంది. పెద్దలు సరేనన్నారు. అమ్మే అటకెక్కి ఓడని దింపి ఇచ్చింది. పేటంతా వాకిట్లో నిలబడి ఉంది. ఓడతో పాటే దాని కింది గుడ్డలు జారి మామ్మ కాళ్ళ దగ్గర పడ్డాయి. ఆమె వంగి పెద్ద తెరచాప తీసి విప్పింది. దాని మధ్యలో ఎర్రగా, ముదురుగా, ఎండిపోయిన మరక ఉంది.

నాకు అప్పుడు ఏమనిపించిందో ఈ రోజుకీ సరిగ్గా చెప్పలేను. ఒళ్ళో పెట్టుకుని కుట్టింది నేనే కదా. పెద్ద ఓడ కాదు, మంచు కాదు, నేనే. ఆ క్షణంలో నేను పూర్తిగా నమ్మాను.

మామ్మ గుడ్డని పైకెత్తి అందరికీ చూపించింది. ఆమె కళ్ళకి పొరలు, అయినా మరక కనిపించింది. ఎవులిదిది అని అడిగింది. గొంతు పెంచలేదు. నేను నోరు తెరిచేలోపు అమ్మ నా ముందుకి వచ్చి నిలబడింది.

"నాదే. నానే ముట్టుకున్నాను."

మామ్మ ఆ గుడ్డని అమ్మ ముఖాన విసిరి, నా కొడుకుని నువ్వే ముంచీసినావు అని మాత్రం అంది. ఓడ గంగమ్మకి పనికిరాదన్నారు. అప్పటికప్పుడు గడ్డిబొమ్మ కట్టి ఒడ్డుకి తీసుకుపోయారు. అమ్మని ఒడ్డు దాకా రానివ్వలేదు. నేను వెళ్ళాను. అలలు ఆ గడ్డిబొమ్మని రెండుసార్లు ఒడ్డుకి తోసేశాయి, మగవాళ్ళు మెడలోతు నీళ్ళలోకి దిగి దాన్ని లోపలికి నెట్టారు.

ఆ తర్వాత జరిగినవి గబగబా చెబుతాను, నిదానంగా చెప్పే ఓపిక నాకు లేదు. పొద్దున్నే పడవలొచ్చే వేళకి ఒడ్డున చేపల వేలంపాట జరుగుతుంది. అక్కడ అమ్మ నిలబడితే పడవ వాళ్ళు పాట ఆపేసేవాళ్ళు. ఎవరూ తిట్టేవాళ్ళు కాదు, ఆమె వెళ్ళిపోయేదాకా సముద్రం కేసి చూస్తూ నిలబడేవాళ్ళు. చేప దొరకని మనిషికి సంత లేదు. అమ్మ ఉప్పు మడుల్లో కూలికి చేరింది. ఎండలో మోకాళ్ళ లోతు ఉప్పునీళ్ళలో నిలబడి ఉప్పు గుంజి కుప్పలు పోసే పని. మొదటి వేసవికే ఆమె అరికాళ్ళు చీలికలు పడ్డాయి, ఆ చీలికల్లోకి మళ్ళీ ఉప్పే. ఇంటికొచ్చి కొబ్బరినూనె రాసుకుంటూ పళ్ళు బిగించేది. మామ్మ అదే ఇంట్లో ఉంటూ, తన అన్నం తను వేరే పొయ్యి మీద వండుకునేది. చివరి రోజుల్లో కూడా అమ్మ చేతి నీళ్ళు తాగలేదు, నేను పోస్తేనే గుటక వేసేది. ఆమె దాహంతో నా చెయ్యి వెతుక్కుంటుంటే, అసలు మనిషిని నేనని చెప్పేయాలని నోటిదాకా వచ్చేది. ఒకసారి అమ్మతో ఆ మాట అన్నాను.

"నువ్వు నోరిప్పకు," అంది అమ్మ. "ఆ ముసల్దానికి తిట్టుకోడానికి ఎవులో ఒకలు కావాల. నన్నే తిట్టుకోనీ. నీకింకా బతుకున్నాది."

మేమిద్దరం దాని గురించి మాట్లాడింది అంతే. అమ్మ మడుల పని నుంచి వస్తూ ఆ ఏడాది చందా ఉన్నన్నాళ్ళూ వారం వారం స్టేషన్ కొట్టుకి వెళ్ళి సంచీ తెస్తూనే ఉంది. తెచ్చి, విప్పకుండా, ఓడతో పాటు రేకుపెట్టెలో పెట్టేసేది. ఎందుకు తెస్తున్నావని నేనడగలేదు. నాన్న కట్టిన చందా అది, వద్దనడానికి ఆమెకి మనసు రాలేదనుకుంటాను. ఆ మరక తెరచాప కూడా అందులోనే పెట్టింది. నేను నర్సు చదువుకి ఊరు విడిచినా, ఉద్యోగం వచ్చి అమ్మని విజయనగరం తెచ్చుకున్నా, ఆ పెట్టె మూత నేనుగా ఎప్పుడూ ఎత్తలేదు.

మెట్ల మీద వాసనకి నిలబడిపోయిన ఆ రోజే మా అమ్మాయి సిరి పెట్టె సంగతి అడిగింది. దానికిప్పుడు పదకొండు నిండుతున్నాయి, బడికి సెలవులు. ఏమనుకున్నానో, దించి ఇచ్చేశాను. అది బాల్కనీలో తెల్ల దుప్పటి పరిచి ఓడని నిలబెట్టింది, విప్పని సంచీలు ఒక్కొక్కటీ చింపి ముక్కలు పరిచింది. చిన్న లాంతర్లు, జెండా, ఓడని నిలబెట్టే పీట, వేలెడు లంగరు. ఇన్నేళ్ళయినా ఆ సంచీల్లోంచి ఎండుచేపల వాసన వచ్చింది. నేను లోపల అన్నం తింటుండగా సిరి పిలిచింది, అమ్మా, ఓడ దుప్పటి పాడుచేస్తోంది అని.

వెళ్ళి చూశాను. వైశాఖం ఎండ ఓడ మీద సూటిగా పడుతోంది. బద్దల సందుల్లోంచి నాన్న పూసిన గుగ్గిలం మెత్తబడి, ఓడ అడుగు నుంచి బొట్టు బొట్టుగా దుప్పటి మీదికి దిగుతోంది. తెల్లటి గుడ్డ మీద ఎర్రగా, ముదురుగా, అంచులు గుండ్రంగా.

చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి పెట్టె అడుగు నుంచి ఆ తెరచాప తీశాను. ఏళ్ళ తరబడి ఆస్పత్రిలో నెత్తురు మరకలు చూస్తున్నదాన్ని, ఒక్కసారి పట్టుకుంటే చాలు. గోటితో గీకితే మరక పెళుసుగా, మెరుస్తూ, పెచ్చులుగా లేచింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గుగ్గిలం. పడవలకి అది పూసుకుని బతికే పేట మాది. ఆ వాకిట్లో నిలబడిన ప్రతి మనిషి గోళ్ళలోనూ ఉండేది ఆ వాసనే. ఒక్కరూ గుర్తుపట్టలేదు. అక్కడున్న వాళ్ళెవరూ గుగ్గిలం కోసం చూడటం లేదు, మా అమ్మతో సహా, నాతో సహా.

అమ్మ గదిలో మంచం మీద కూర్చుని కాళ్ళకి నూనె రాసుకుంటోంది. ఆమె ముందు దుప్పటీ తెరచాపా పక్కపక్కన పరిచాను.

"అమ్మా, ఇది గుగ్గిలం. నెత్తురు కాదు. నాన్న పూసిందే కారింది."

అమ్మ ఆ రెండు మరకలనీ చూసింది. ఉప్పు తినేసిన ఆ వేలితో ఒకదాన్నీ, తర్వాత రెండోదాన్నీ తడిమింది. ఆమె ముఖంలో నేను వెతికింది ఏదీ కనిపించలేదు. కోపం లేదు, ఊరట లేదు.

"సెప్పడానికి ఎవులున్నారే ఇప్పుడు?" అంది.

నిజమే. మామ్మ పోయింది. ఒడ్డున పాట పాడిన పెద్దలు పోయారు. కొత్త రేవు కట్టడానికి మా పేటనే లేపేశారు, ఎవరు ఎక్కడికి చేరారో నాకు తెలియదు. నాన్న బతికుండగా లేని రేవు ఇప్పుడొస్తోంది. మేము ముగ్గురం కూర్చున్న వాకిలి మీద లారీలు తిరుగుతున్నాయట. అమ్మ నిర్దోషి అని చెప్పుకోవాలంటే ఆ మాట వినాల్సిన వాళ్ళు భూమ్మీద లేరు.

బాల్కనీలోంచి సిరి, అమ్మమ్మా, ఈ తెల్లగుడ్డలు ఎక్కడ కట్టాలి అని అరుస్తోంది. అమ్మ నూనె గిన్నె పక్కన పెట్టి, కాళ్ళు కింద మోపి, నొప్పికి పళ్ళు బిగించి లేచింది. గుమ్మం దాకా నడిచి వెళ్ళి అటు చూసింది.

"ఎండలోంచి తియ్యి దాన్ని," అంది మనవరాలితో. "కారిపోతన్నాది."